కుడివైపు చెక్క

మా ఇంట్లో ఒక పిస్తోలు ఉంది. దాన్ని చూసి భయపడేవాణ్ణి ఈ ప్రపంచంలో నేనొక్కణ్ణే. దాని లైసెన్సు నా పేరు మీద ఉంది మరి.

దొంగలు భయపడే ప్రశ్నే లేదు. అది బీరువాలో పట్టుచీరల కింద, ఒక ఇనప్పెట్టెలో ఉంటుంది. బీరువా తాళం మా ఆవిడ బొడ్లో. దొంగ వచ్చినప్పుడు పిస్తోలు కావాలంటే ముందు ఆవిణ్ణి లేపాలి. ఆవిడ లేచాక ఇక పిస్తోలుతో పనుండదు.

ఈ వస్తువు మా తాతగారు కొన్నది. ద్వారకా తిరుమలకి దగ్గర్లోనే ఒక మెట్ట ఊరికి ఆయన మునసబు. శిస్తు వసూలు చేసి, సంచీలో మూటగట్టి, ఎడ్లబండి మీద తాలూకా కచేరీకి పట్టుకెళ్లి జమకట్టడం ఆయన పని. దారి పొడుగునా తాటితోపులు, తుప్పలు. దొంగలు ఉన్నారో లేదో గానీ ఉంటారన్న పేరైతే ఉండేది. అప్పట్లో మన జిల్లాలు మద్రాసు రాజధానిలోవి కాబట్టి, ఇక్కడ దొరకని వస్తువు ఏది కావాలన్నా రైలెక్కి మద్రాసు పోవాల్సిందే. ఆయనా అలాగే పోయి దీన్ని కొనుక్కొచ్చారు. బర్మింగ్‌హామ్‌లో వెబ్లీ అండ్ స్కాట్ కంపెనీ చేసిన .32 పిస్తోలు. 1908 నాటి మోడలు, కోటు జేబులో పట్టేస్తుంది. 1911లో లండన్ మెట్రోపాలిటన్ పోలీసులు కూడా ఈ రకమే తీసుకున్నారు. అక్కడ దీని అన్నదమ్ములు దొంగల వెంట పరుగులు పెడుతున్న రోజుల్లో, మాది శిస్తు సంచీ మీద కూర్చుని గతుకుల బాటలో ఊగుతూ కచేరీకి పోయొచ్చేది.

తాతగారు దాన్ని ఒక్కసారి కూడా పేల్చలేదు. ఎందుకని మా నాన్న చిన్నప్పుడు అడిగితే, "పేలిస్తే దొంగ సంగతి దేవుడెరుగు, ముందు ఎడ్లు బెదురుతాయిరా. బండీ శిస్తూ కలిసి కొల్లేట్లో తేలతాయి" అన్నారట. 1984లో ఎన్టీ రామారావుగారు మునసబు, కరణాల ఉద్యోగాలు రద్దు చేశారు. పిస్తోల్ని మాత్రం అలాగే ఉంచేశారు. అది తాతగారి నుంచి నాన్నకీ, నాన్న నుంచి నాకూ వచ్చింది. పంపకాల్లో పెద్దన్నయ్యకి నిమ్మతోట, చిన్నన్నయ్యకి పామాయిల్ తోట, నాకు పాత పెంకుటిల్లు. పిస్తోలు ఎవరికన్న మాట వచ్చేసరికి అన్నయ్యలిద్దరూ ఒక్కసారే గొంతు సవరించుకుని, "తమ్ముడు చిన్నవాడు, వాడికి ఏదో ఒకటి ఎక్కువ ఇవ్వాలి" అన్నారు. నిమ్మకాయల దగ్గర వాళ్లకి ఆ మాట గుర్తు రాలేదు. వారసులకి లైసెన్సు ఇచ్చే వెసులుబాటు 2016 ఆయుధాల నిబంధనల్లో ఉంది. అలా నేను ఆయుధధారినయ్యాను.

2019లో చట్టం సవరించి, ఒక మనిషి దగ్గర మూడు తుపాకులు ఉండచ్చన్నదాన్ని రెండుకి తగ్గించారు. అది చదివి మా ఆవిడ కంగారుపడింది. నా దగ్గరున్నది ఒకటి కూడా కాదు, ముప్పాతిక అని సర్దిచెప్పాను.

ఆ మిగిలిన పాతిక సంగతే ఇదంతా.

ఈ పిస్తోలు పిడికి రెండువైపులా రెండు నల్లటి పలకలుంటాయి. మా ఇంట్లో వాటిని చెక్కలంటారు గానీ అవి కలపవి కావు, ఎబొనైట్‌వి. రబ్బర్లో గంధకం దండిగా కలిపి ఉడికించి గట్టిపరిచిన సరుకు. కొత్తలో నల్లగా మెరుస్తుంది. వెల్తురు తగిలి ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకి తిరుగుతుంది, పెళుసెక్కుతుంది. బొటనవేలితో గట్టిగా రుద్ది ముక్కు దగ్గర పెట్టుకుంటే ఇప్పటికీ గంధకం వాసన కొడుతుంది. మామూలు పిస్తోళ్లలో చుట్టలు చుట్టిన స్ప్రింగు ఉంటుంది. ఈ వెబ్లీ వాళ్లు ఇంగ్లీషు ‘వి’ అక్షరం ఆకారంలో వంచిన స్ప్రింగు పెట్టారు, అది కూడా సరిగ్గా కుడి చెక్క వెనకాల. కుడి చెక్క లేకపోతే పిస్తోలు చొక్కా విప్పుకుని నిలబడ్డట్టే, లోపలి ఎముకలన్నీ కనపడతాయి.

ఒక సంక్రాంతి ముందు బీరువా సర్దుతుంటే, ఆ కుడి చెక్క రెండు ముక్కలై కనిపించింది. ఎవరూ ముట్టుకోలేదు, కింద పడలేదు. వయసు మీదపడి దానంతటదే విరిగింది. దాన్ని పట్టి ఉంచే మర కూడా లేదు. పట్టుచీరలన్నీ ఒక్కొక్కటే విప్పి దులిపాం. మర దొరకలేదు. చెల్లెలు కొట్టేసిందని మా ఆవిడ ఏళ్ల తరబడి అనుమానిస్తున్న ముక్కుపుడక మాత్రం దొరికింది.

పోనీలే, పేల్చేది లేనప్పుడు చెక్కుంటే ఎంత లేకుంటే ఎంత అనుకుంటే, లైసెన్సు రెన్యువల్ వచ్చిపడింది. ఆ సెక్షన్లో పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదికి తోసి పిస్తోలుని ఒకసారి, కాగితాన్ని ఒకసారి చూశాడు.

"కుడివైపు చెక్క ఏదండీ?"

"విరిగిపోయిందండి."

"లైసెన్సులో విరిగినట్టు లేదే?"

"లైసెన్సు ఇచ్చినప్పుడు విరగలేదండి."

"ఇందులో నల్లపిడి అని రాసుంది. పిడి సగమే ఉంది. ఇది ఆ పిస్తోలేనని నేనెలా రాయను?"

"నెంబరు చూడండి, సరిపోతుంది."

"నెంబరు సరిపోయిందండి. వస్తువే సరిపోలేదు" అని ఆయన కళ్లజోడు కిందికి దింపుకున్నాడు. బాగుచేయించి పట్టుకురమ్మన్నాడు. రెన్యువల్ పెండింగు.

మా తోడల్లుడుగారు ఏలూరు కోర్టులో ప్లీడరు. సివిల్ సైడు. పొలం గట్ల తగాదాలతో నలభయ్యేళ్లు నెట్టుకొచ్చిన మనిషి. 1959 ఆయుధాల చట్టం ఆయన జన్మలో విప్పలేదు, నా కోసం విప్పారు. విప్పాక మూయలేదు.

"తమ్ముడూ, ఈ చట్టం ప్రకారం ఆయుధం అంటే ఏంటో తెలుసా? ఆయుధమూ, దాని భాగాలూ కూడా. అంటే నీ చెక్క ఆయుధం. మర ఆయుధం."

"ఆ మర బీరువాలో ఎక్కడో పడిపోయిందండి, అన్నయ్యగారూ."

"బీరువాలో ఆయుధం తప్పిపోయిందని బయట అనకు." పేజీ తిప్పారు. "ఇదిగో, 45వ సెక్షను. చిన్న చిన్న భాగాలు ఎవరి దగ్గరున్నా ఫర్వాలేదంటోంది. కాకపోతే వాటిని తక్కిన భాగాలతో కలిపి వాడే ఉద్దేశం ఉండకూడదు."

"నాకున్నదే ఆ ఉద్దేశం కదండీ."

"అదే నీ చిక్కు. ఉద్దేశం లేకపోతే దర్జాగా కొనుక్కోవచ్చు."

"ఉద్దేశం లేకపోతే ఎందుకు కొంటానండీ?"

"ఆ ప్రశ్న చట్టం అడగలేదు" అని ఆయన ఇంకో గీటు కింద వేలు పెట్టారు. పాతకాలంనాటిదై, బాగుచేసినా చెయ్యకపోయినా ఇక ఎన్నటికీ పేలదు అన్న ఆయుధానికి అసలీ చట్టమే అడ్డురాదట. నా మొహం వెలిగింది. ఆయన వెంటనే ఆర్పేశారు. "నీదానికి లేనిది చెక్కొక్కటే. పేలమంటే ఇప్పుడైనా పేలుతుంది. పూర్తిగా పాడైతే నీకు సుఖం, పూర్తిగా బాగుంటే నీకు సుఖం. నువ్వు మధ్యలో ఉన్నావు." బాగుచేసే పని కూడా అందుకు లైసెన్సు ఉన్నవాడే చెయ్యాలనీ, ఊళ్లో వడ్రంగికిచ్చి చెక్కించావంటే వాణ్ణీ నిన్నూ ఒకే బెంచీ మీద కూర్చోబెడతారనీ చెప్పి, ఫీజు వద్దంటూ కొర్రమేను పులుసుకి ఉండిపోయారు.

పిస్తోల్ని వెంటబెట్టుకుని షాపులన్నీ తిరగడం మర్యాదగా ఉండదు కదా. అందుకని విరిగిన ముక్కలు రెండూ కలిపి, ఒక శుభలేఖ వెనక పెట్టి, చుట్టూ పెన్సిలుతో గీసుకున్నాను. మర బెజ్జం దగ్గర ఒక చుక్క పెట్టాను. ఆ శుభలేఖ మడత చొక్కాజేబులో పెట్టుకుని ఏలూరు వెళ్లాను. చెక్క సంగతి తర్వాత, ముందు మర సంపాదిద్దాం, లైసెన్సున్నవాడి చేతికే ఇచ్చి బిగింపిద్దాం అని నా ఆలోచన. హార్డువేరు షాపాయన కాగితాన్ని వెల్తురుకి పెట్టి చూశాడు.

"ఈశాన్యం పెరిగిందండి. మంచి బిట్టు. ఎక్కడ?"

"ఇది స్థలం కాదండి."

"అగ్రికల్చరా? కన్వర్షన్ అయిందా? ఈ చుక్క ఏంటి, బోరా?"

అది పిస్తోలు పిడి అని చెప్పేసరికి ఆయన గొంతు ఒక మెట్టు దిగి, వినయం రెండు మెట్లు పెరిగింది. కుర్రాడితో కూల్ డ్రింకు తెప్పించాడు. మరల డబ్బాలన్నీ కౌంటరు మీద ఒంపాడు. ఒక్కటీ పనికిరాలేదు. ఇప్పుడు మనకి అంగట్లో దొరికేవన్నీ మెట్రిక్ మరలు. వాటి పళ్ల మధ్య కోణం 60 డిగ్రీలు. ఇంగ్లండులో 1841లో విట్‌వర్త్ అనే ఇంజనీరు పెట్టిన కొలతలో అది 55. చిన్న చిన్న మరలకి వాళ్లే తర్వాత ఇంకో పద్ధతి పెట్టుకున్నారు, అందులో 47న్నర. తుపాకుల కంపెనీలైతే ఇవేవీ కాకుండా తమ సొంత మర తామే కోసుకున్నా అడిగేవాడు లేడు. ఇదంతా షాపాయనకి చెబితే, "అయిదు డిగ్రీలేగదండి, రెండు దెబ్బలేస్తే పట్టేస్తది" అన్నాడు. నేను లేచాను. కూల్ డ్రింకు డబ్బులు తీసుకోలేదు.

మా బావమరిదిది తాడేపల్లిగూడెం. ఉల్లిపాయల మార్కెట్లో కమీషన్ వ్యాపారం. లోకంలో ఏ సమస్యకైనా అతని దగ్గర ఒక మనిషి ఉంటాడు. మనిషి లేకపోతే ఒక సిద్ధాంతం ఉంటుంది. "బావగారూ, ఇంగ్లీషోడి వస్తువు ఇంగ్లీషోడు తిరిగిన చోట దొరక్క ఎక్కడికి పోద్దండీ" అని నన్ను బండెక్కించుకుని పాత రన్‌వే మీదికి తీసుకెళ్లాడు. రెండో ప్రపంచయుద్ధం నాడు తాడేపల్లిగూడెంలో బ్రిటిష్ వాళ్లు విమానాల కోసం వేసిన రన్‌వే అది. పోతూ పోతూ వాళ్లు సామానంతా అక్కడే పూడ్చిపెట్టి పోయారని మావాడి సిద్ధాంతం. పొద్దున్నే బనీన్లతో చేతులూపుకుంటూ నడిచే షుగరు పేషెంట్లు తప్ప నాకేమీ కనపడలేదు. మావాడు మాత్రం చెప్పుతో మట్టిని గీకుతూ చాలా దూరం నడిచాడు. ఒకచోట తుప్పుపట్టిన నట్టు దొరికితే మొహం చాటంత చేసుకుని తెచ్చిచ్చాడు. ట్రాక్టరు ట్రక్కుది.

సిద్ధాంతం అయ్యాక మనిషిని చూపించాడు. లేతు మిషన్ పెద్దాయన. చేతివేళ్ల సందుల్లో నల్లటి ఆయిల్ గీతలు, సబ్బుకి లొంగేవి కావు. పాతకాలం లిస్టర్ ఇంజన్లకి బోల్టులు కోసి కోసి, ఇంగ్లీషు మరని వేలి కొసతో తడిమి చెప్పగలడు. శుభలేఖ మీది చుక్క దగ్గర వేలు పెట్టి, "కోసెయ్యొచ్చండి, ఎంతసేపు" అంటూ మిషన్ ఆన్ చేశాడు. "ఇంతకీ ఏ ఇంజన్‌దండి ఇది?"

మావాడు ఛాతీ విరుచుకుని, "మా బావగారి పిస్తోలుది" అన్నాడు.

మిషన్ ఆగింది. పెద్దాయన చేతులు గుడ్డకేసి తుడుచుకున్నాడు. "నాకిద్దరు ఆడపిల్లలండి" అన్నాడు. దానికి మేం జవాబు చెప్పలేకపోయాం. బయటికొచ్చి స్కూటరు స్టార్టు చేస్తుంటే వెనకాలే వచ్చి, చుట్టూ చూసి, "ఎప్పుడైనా ఇటొస్తే ఒకసారి చూపిస్తారాండీ? ముట్టుకోనండి" అన్నాడు.

కైకలూరు అవతల నా కాలేజీ స్నేహితుడికి చేపల చెరువులున్నాయి. వాళ్ల తాతగారి హయాంలో కొల్లేటి బాతుల వేట ఘనంగా సాగేది. ఇంట్లో తుపాకులుండేవి గనక వాటి తాలూకు పాత సామాను ఏ అటకమీదైనా ఉంటుందేమోనని ఆశ. అటక మీద ఉంది. పగిలిన ఊరగాయ జాడీలు, ఒక హార్మోనియం. 1972లో వన్యప్రాణుల చట్టం వచ్చాక వేట ఆగింది, 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది, తుపాకులు ఏనాడో ఒప్పజెప్పేశారు. "ఇప్పుడు పిట్టల్ని మేం వేటాడం రా, అవే మమ్మల్ని వేటాడతన్నాయి" అని చెరువు గట్టు మీదికి తీసుకెళ్లాడు. నీటికాకులు వరసగా తాడు మీద కూర్చుని చెరువుని లెక్కగడుతున్నాయి. కాపలా కుర్రాడు బీడీతో టపాకాయ వత్తి ముట్టించి విసిరాడు. ఢామ్మంది. కాకులు లేచాయి, ఒక చుట్టు తిరిగాయి, పొగ చెదరకముందే మళ్లీ తాడెక్కాయి. నీళ్లమీద ఒక గూడబాతు ఉంది. అది తల కూడా తిప్పలేదు. ఆటపాకలో దాని బంధువులు ప్రభుత్వ రక్షణలో ఉన్నారని దానికి తెలుసు.

కుర్రాడు నా పిస్తోలు సంగతి విని, "ఎంతుంటదండి తూటా ఒకటి?" అన్నాడు. చెప్పాను. "అమ్మో. ఆ డబ్బుతో మాకు నెల్లాళ్లు లచ్చిం బాంబులొస్తాయండి" అన్నాడు.

హైదరాబాదులో పెద్ద పెద్ద షాపులున్నాయి, అక్కడికి పట్టుకుపొమ్మని పెద్దన్నయ్య సలహా. నిమ్మకాయలు అక్కడికి లారీల్లో పోతాయి గనక పిస్తోలూ పోతుందని ఆయన ఉద్దేశం. లైసెన్సు ఆంధ్రప్రదేశ్ వరకే. నాన్నగారి హయాంలో హైదరాబాదు ఆ మాటలోనే ఇమిడి ఉండేది. 2014 జూన్ 2 నుంచి సరిహద్దు దాటాలంటే మళ్లీ విడిగా అనుమతి. ఉన్న రెన్యువలే పెండింగులో ఉంది, కొత్త అర్జీ ఎవడు పెడతాడు? బెజవాడలోనే బాగుచేసే లైసెన్సు కూడా ఉన్న షాపొకటి ఉందంటే అక్కడికి పోయాను.

షాపు చిన్నది. అద్దాల బీరువాలో ఎయిర్‌గన్నులు, గోడకి గొలుసేసి కట్టిన డబల్ బారెళ్లు. గల్లాపెట్టె దగ్గర పెద్దాయన నా శుభలేఖ విప్పి, లోపలివైపు కూడా చదివి, "పిల్లాడు ఏం చేస్తాడండీ?" అని అడిగి, అప్పుడు వెనక్కి తిప్పాడు. ఒక్క చూపుతో "వెబ్లీ, ముప్ఫైరెండు, కుడి" అన్నాడు. ఇన్నాళ్లకి నా భాష తెలిసిన మనిషి దొరికాడని కళ్లనీళ్లు తిరిగినంత పనైంది. ఆయన బల్ల కిందనుంచి బిస్కెట్ల డబ్బా ఒకటి తీసి మూత తెరిచాడు. అందులో వెబ్లీ చెక్కలు. వెబ్లీ ముద్ర చెక్కుచెదరకుండా, నిక్షేపంలా ఉన్నాయి.

అన్నీ ఎడమవే.

"కుడివి మిగలవండి. వెనకాల స్ప్రింగు తన్నుతుంటుంది. విరిగేది ఎప్పుడూ కుడిదే. చచ్చిన పిస్తోళ్ల నుంచి ఎడమవి తీసి దాచుకుంటూ వచ్చాను. కుడివి అడిగేవాళ్లే గానీ ఎడమవి అడిగినవాడు ఇంతవరకూ లేడు."

1980ల నుంచీ విదేశీ తుపాకుల దిగుమతి మనకి ఆగిపోయింది. అప్పటికి దేశంలో చేరినవే చేతులు మారుతుంటాయి. అందుకే పాత ఇంగ్లీషు, బెల్జియం పిస్తోళ్లకి లక్షలు పలుకుతాయనీ, వాటిలో ఒకటి చచ్చిందంటే దాని మీద వాలేవాళ్లు ఎక్కువనీ చెప్పాడు. 2020లో వెబ్లీ పేరుతో ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో ఫ్యాక్టరీ పెట్టారు కదా, అక్కడికి రాస్తేనో అన్నాను. ఈ ముక్క మా బావమరిది పేపర్లో చూసి పట్టుకొచ్చింది. "వాళ్లు మొదలెట్టింది రివాల్వర్లతోనండి. కంపెనీ పేరొకటైతే మాత్రం చెక్కొకటవుద్దా?" అన్నాడు పెద్దాయన. అన్నట్టు ఆయన మా స్వామి భక్తుడు. ఏటా ద్వారకా తిరుమల, అదే చిన్న తిరుపతి, వచ్చి మొక్కు చెల్లించుకుంటాడట. అందుకే నాకు అర్థమయ్యేలా చెప్పాడు: "పెద్ద తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలో తీర్చుకోవచ్చు. చిన్న తిరుపతి మొక్కు చిన్న తిరుపతిలోనే తీర్చుకోవాలి. ఇదీ అంతేనండి, దీని చెక్క దీనికే."

అంతలో 2024 ఎన్నికలు వచ్చాయి. కోడ్ కూసింది. లైసెన్సు ఆయుధాలు స్టేషన్లో ఒప్పజెప్పాలని కబురు. గుడ్డ సంచీలో పెట్టుకుని పోయాను. నా ముందు డబల్ బారెల్‌తో ఒక మీసాలాయన, వెనక రైఫిలుతో ఇంకొకాయన. నా వంతు వచ్చాక, రైటరు రసీదు రాస్తూ ఆగాడు.

"ఏం రాయమంటారండీ? పిస్తోలు ఒకటి, కుడి చెక్క లేదు. ఇంకేమైనా లేవా?"

"తూటాలు లేవండి."

"పేలుద్దా?"

"పేలినట్టు దాఖలా లేదండి."

"మరి దీనివల్ల ఎన్నికలకి ఇబ్బందేంటండీ?" అని ఆయన నన్నే అడిగాడు. మీసాలాయన వెనక్కి తిరిగి సంచీలోకి తొంగి చూసి, జాలిగా తల పంకించాడు. మే 13న మా ఊళ్లో పోలింగు ప్రశాంతంగా ముగిసింది. ఫలితాలొచ్చాక వెళ్లి తెచ్చుకున్నాను. మా ఆవిడ అన్నాళ్లూ బీరువాకి తాళం వేయలేదు.

కుడి చెక్క దొరకదని తేలిపోయాక బెజవాడ పెద్దాయనే దారి చెప్పాడు. ఎబొనైట్ కడ్డీ తెచ్చిస్తే తన దగ్గరున్న లైసెన్సు పనివాడు కోసి పెడతాడు, రిజిస్టర్లో రాసుకుని పద్ధతి ప్రకారం బిగిస్తాడు. ఎబొనైట్ ఎక్కడ దొరుకుతుంది? ఇంకెక్కడ, రాజమండ్రిలో. గాంధీగారు స్వదేశీ వస్తువేదైనా చెయ్యమంటే రత్నంగారు కలాలు చెయ్యడం మొదలుపెట్టిన ఊరది. ఆ కలాలకి పేరు తెచ్చింది ఈ ఎబొనైటే. లేతు మీద తిప్పి, మర కోసి, సానబట్టి చేసే పెన్ను గొట్టమూ, మా పిస్తోలు పిడీ ఒకే సరుకు.

రాజమండ్రిలో నేను వెళ్లిన పెన్నుల పనివాడికి ముందే నిజం చెప్పేశాను. తాడేపల్లిగూడెం అనుభవం ఉంది కదా. ఆయన లేతు మీద నల్లటి రజను చుట్టలు చుట్టలుగా రాలుతోంది, గదంతా గంధకం వాసన. మిషన్ ఆపలేదు, తల ఎత్తలేదు.

"కడ్డీ అమ్ముతానండి. అది పెన్నవుద్దో పిడవుద్దో మీ ఇష్టం. కాకపోతే మా నాన్నగారు గాంధీగారి భక్తుడు." కాసేపాగి, "ఒక పెన్ను కూడా కొనుక్కోండి" అన్నాడు. ప్రాయశ్చిత్తం కింద కొన్నాను. కడ్డీ ధరకన్నా ప్రాయశ్చిత్తమే ఎక్కువైంది.

పలక వెడల్పుకి సరిపడా లావు కడ్డీ దొరకడం, దాన్ని చదునుగా కోయడం, బెజ్జం కుదరడం, ఇదంతా మళ్లీ పెద్ద కథ, చెప్పను. మరకి మాత్రం పనివాడు షాపులోని చచ్చిన పిస్తోళ్లన్నీ వెతికి, ఒకదాని మర తీసి తిప్పితే సునాయాసంగా ఎక్కి కూర్చుంది. కొత్త కుడి చెక్క అద్దంలా మెరుస్తోంది. వేలు పెడితే జారేటంత నున్న. బిల్లు, రిజిస్టరు నకలు, పిస్తోలు పట్టుకుని దర్జాగా సెక్షన్‌కి వెళ్లాను. పెద్దమనిషి కళ్లజోడు నుదుటి మీదికి తోశాడు. కుడివైపు చూశాడు, తృప్తిగా తలూపాడు. తిప్పి ఎడమవైపు చూశాడు.

"ఇటువైపు గోధుమరంగు ఏంటండీ?"

"అది పాతదండి. అసలుది. వయసుకి రంగు తిరిగింది."

"లైసెన్సులో నల్లపిడి అని రాసుంది."

"కుడివైపు నల్లగానే ఉంది కదండీ."

"సగం నల్లపిడి అని రాయడానికి ఇందులో కాలమ్ లేదు. రెండూ ఒక రంగు చేయించి పట్టుకురండి."

నేను కోపం తెచ్చుకోలేదు. ఎడమ చెక్కలు డబ్బానిండా ఎక్కడున్నాయో నాకు తెలుసు. వాటిలో ఒకటైనా నలుపు దిగనిది ఉండకపోతుందా? మెట్ల మీదే నిలబడి బెజవాడకి ఫోన్ చేశాను.

"అయ్యో, మొన్ననే డబ్బా మొత్తం ఒకాయన పట్టుకెళ్లాడండి" అన్నాడు పెద్దాయన. "ఎడమవాటికి ఇంత గిరాకీ వస్తదని నేనూ అనుకోలేదు. మీ ఆఫీసులోంచే వచ్చానన్నాడు, ఆయనదీ రెన్యువల్ అంట."